య వత్తు

ఆదోని కోర్టు ప్రహరీ బయట
రేకుల కింద నా మిషను.
కంప్యూటర్లొచ్చి పక్కోళ్ళంతా లేచిపోయినా
నేనూ ఇదీ మిగిలినాం.
దీనికొక అవిటితనం, య వత్తు పడదు.
న్యాయం అని కొడితే నాయం అంటుంది,
హత్య అని కొడితే హత.
కాగితం బయటికి లాగినాక నల్లపెన్నుతో
ఒక్కో వత్తూ నేనే తగిలిస్తా.
"ఉసేన్‌పీరా వత్తు" అని గుమాస్తాలు
దూరం నుంచే గుర్తుపడతారు.

సోమవారం ఉరుకుందమ్మ వచ్చింది.
హమాలీ బజారప్ప పెండ్లాం.
పత్తి మార్కెట్టు గేటు కాడ, కాటా పక్కన,
పట్టపగలు నరికినారే, ఆ బజారప్ప.
పేపర్లు అతని ఫోటో వేసి వేసి అలిసిపోయి
ఇప్పుడు మిల్లోళ్ళ అబ్బాయి ఫోటో వేస్తున్నాయి.
స్టూలు మీద కూర్చోకుండా, నిలబడే చెప్పింది:
"పీపీని మార్చమని కలెక్టరుకు రాయన్నా.
మన సాచ్చి బోనెక్కి, నేనేం సూడల్యా అనె.
మన లాయరు, సరే దిగు అనె.
ఇంట్లో మేక తప్పిపోతేనే
ఏ పక్క పోయింది, ఎవరు తోలినారని
ఇంతకన్నా ఎక్కువ అడుగుతాం గదన్నా."

కొట్టినా. వత్తులు పెట్టినా. డబ్బులు వద్దన్నా.
ఎందుకు వద్దన్నానో ఆమెకు అర్థం కాలేదు.

ఇరవై రెండేండ్ల కింద ఇదే స్టూలు మీద
పంపాపతి సారు,
కొత్త నల్లకోటు, షాపు మడత ఇంకా విడవలేదు,
మిల్లు తరఫున హమాలీల మీద అర్జీ చెప్పి
నా చేతే కొట్టించుకున్నారు.
ప్రతివాదుల్లో మొదటి పేరు
బజారప్ప, తండ్రి లింగప్ప, వయసు ఇరవై ఆరు.
కార్బన్ కాపీ నా రేకుపెట్టెలో ఉంది.
ఎలుకలు ఒక మూల తిన్నాయి,
పేరు దాకా రాలేదు.

తీసి ఇయ్యాల్నా వద్దా?
నా కొడుకును ఫీజు లేకుండా బెయిలు మీద తెచ్చింది ఆ సారే.
నెలకు నలభై కాగితాల పని పంపేది ఆ మిల్లు గుమాస్తానే.
పీపీకి లోపలి సంబంధం ఉందని అర్జీ కొట్టిన వేళ్ళు
అదే సాయంత్రం మిల్లు బేళ్ళ లెక్క కొట్టినాయి.
రెండు కాగితాల్లోనూ సిరా ఒకటే.
పెట్టె మూత తీయలేదు.

బుధవారం రెండో సాక్షీ ఎదురు తిరిగె.
సరే దిగు అనె.

ఆ రాత్రి పెట్టె తెరిచినా.
కాపీని ఉరుకుందమ్మ అర్జీకి పిన్ను కొట్టేటప్పుడు
పిన్ను రెండుసార్లు వంగింది.

శుక్రవారం దీపాల వేళ సారే వచ్చె.
జూనియరు లేడు, ఫైలు లేదు.
"తెలుగులోనే కొట్టు పీరా" అని చెప్పుకుంటూ పోయి
ఒకచోట ఆగినారు.
లారీ ఒకటి పత్తిపోగులు రాలుస్తూ పోయింది.
వాళ్ళ తమ్మునిదో, ఇంకెవరిదో, నేను బోర్డు చూడలేదు.
"వ్యక్తిగత కారణాల వల్ల
ఈ కేసు నుంచి తప్పుకొంటున్నాను."

వక్తిగత అని పడింది.
నేను పెన్ను మూత తీస్తుంటే అడిగినారు,
"ఇన్నేండ్లు దాచిపెట్టినావా ఆ కాపీ?"
"దాచల్యా సార్. పారేయల్యా, అంతే.
మీకూ గుర్తుండె గద."
ఆయన మాట్లాడలేదు.
నా చేతిలో పెన్ను తీసుకొని
తానే పెట్టినాడు ఆ వత్తు.
అలవాటు లేని చెయ్యి.
కొక్కెం పెద్దదై, కింది వరుసలోకి దిగి
తన పేరును గీసుకుంటూ పోయింది.

కాగితం ఇంకోటి కొట్టమంటాడేమో అనుకున్నా.
మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వాయిదా మూడు వారాలకు పడింది.
దిగిపోయిన ఇద్దరు సాక్షులూ
మిల్లు క్యాంటీన్‌లో టీ తాగుతుండారని చెప్పినారు.
ఉరుకుందమ్మ వచ్చి ఈసారి కూర్చునె.
"కొత్తాయనది ఏ ఊరన్నా?
ఎవరి ఉప్పు తిన్నోడో?"
తెలీదమ్మా అన్నా.
రేకుపెట్టె మూత
ఇంకా తెరిచే ఉంది.